మూడో నాడె

మొన్న కదిరి పోయి ఓబులేసు సారును చూసి వచ్చినప్పటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేచాక ఎందుకు లేచానో గుర్తుండదు. ఆయన నేను చదివిన హైస్కూల్లో పీఈటీ, నాకు ఖో-ఖో నేర్పిన మనిషి. రిటైరై కూతురింటి పక్కన చిన్న ఇల్లు తీసుకుని ఉంటున్నారు. మోకాళ్ళు అరిగిపోయి గోడ పట్టుకుని నడుస్తున్నారు గానీ నవ్వు మాత్రం అదే. నేనూ ఇప్పుడు పీఈటీనే. ఎక్కడ శిక్షణ తరగతులు జరిగినా ఆయన కథే చెబుతుంటాను. ఆటగాళ్ళకు ఆదేశాలిచ్చే బదులు వాళ్ళనే ఆలోచించనివ్వాలని మా జిల్లాలో అందరికంటే ముందు తెలుసుకున్న మనిషి అని. ఇన్నేళ్ళుగా అడగాలనుకుంటున్న మాట కాఫీ తాగుతూ అడిగేశాను. "ఆ పొద్దు మీరు మాకేమీ చెప్పకుండా అంతా మమ్మల్నే అడుగుతాంటిరి గదా సార్, ఆ పద్ధతి యాడ నేర్చుకున్నారు?" ఆయన గ్లాసు కింద పెట్టి నా మొహంలోకి చూశారు. "యాడ నేర్చుకుంటా పద్మా? నాకు ఆ ఆట వస్తే గదా! నేను వాలీబాల్ ఆడినోన్ని. ఖో-ఖో రూల్సు పుస్తకం చదువుకోని వచ్చినా. మీకేం చెప్పల్లో తెలీక మిమ్మల్నే అడుగుతాంటి." లోపల వంటింట్లో ఆయన భార్య గట్టిగా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊరికే కోపం తెచ్చుకున్నాను. ఎవరి మీదో తెలియదు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది నా పని. బయట చెనక్కాయ చేలు ఎండిపోయి, మొక్కలు నేలను పట్టుకుని పడుకున్నాయి. వాన మీద ఆశ పెట్టుకున్న మనుషులు గట్ల మీద నిలబడి బస్సు వైపు చూస్తున్నారు. ఆయనకు ఆట తెలియదన్న మాట నన్నెందుకింత పొడుస్తోంది? ధర్మవరం బస్టాండులో దిగి ఆటో ఎక్కకుండా మా పాత వీధి మీదుగా నడిచాను. వీధిలో మగ్గాల చప్పుడు సగానికి సగం తగ్గింది. ఆ చప్పుడు విన్నాకే కొంత అర్థమైంది, నేను ఆలోచిస్తున్నది సారు గురించి ఒక్కటే కాదని.

మా ఇంట్లో ముందు గది మనుషులది కాదు, మగ్గానిది. మేమంతా దాని చుట్టూ సర్దుకుని బతికేవాళ్ళం. తలుపు తీయగానే మగ్గం గుంత, గుంతలో కాళ్ళు దించుకుని నాయన, గోడ పక్కన రాట్నం తిప్పుతూ కండెలు చుట్టే అమ్మ. చుట్టాలొస్తే మగ్గానికి ఒదిగి, నూలు తగలకుండా చీర కుచ్చెళ్ళు పట్టుకుని వెనక గదిలోకి పోవలసిందే. ఆ గదికి ఒక వాసన ఉండేది. గుంతలోని తడిమట్టి, కొత్త పట్టు, పొద్దున అమ్మ వేయించిన చెనక్కాయ విత్తనాలు, అన్నిటి మీదా నాయన బుగ్గన పెట్టుకునే లవంగం. వీధిలో అందరూ వక్కాకు నమిలేవాళ్ళు. నాయనకూ ఇష్టమే, అయినా పట్టు మీద ఒక్క చుక్క పడితే చీర పోయినట్టేనని మగ్గం కాడ లవంగం తప్ప ఇంకేదీ నోట్లో పెట్టేవాడు కాదు. పనంతా అయ్యాక, చేతులు కడుక్కుని, వీధి అరుగు మీద కూర్చుని అప్పుడు ఆకు వేసుకునేవాడు. ఆ అరుగు మీద నాయన వేరే మనిషి, జోకులు కూడా చెప్పేవాడు.

నాయన నేసేది పెద్దంచు చీరలు. ఒంటిది ఒక రంగు, అంచుది ఇంకో రంగు. అట్లాంటి చీరకు అడ్డపోగును అటూ ఇటూ మోసుకుపోయే నాడెలు మూడు కావాలి. రెండు నాయన చేతుల్లో తిరుగుతాయి, మూడోది విసరడానికి పక్కన ఇంకో మనిషి కూర్చోవాలి. ఆ మనిషిని నేను. ఎనిమిదో తరగతికి వచ్చేనాటికి బడికి ముందొక పూట, బడి తర్వాత ఒక పూట నాయన కుడిపక్కన కూర్చునేదాన్ని. పని తేలికే గానీ సొంత తెలివి పనికిరాదు. నాయన కింద చెక్క తొక్కుతాడు, పడుగు పోగులు రెండుగా విచ్చుకుని నోరు తెరుస్తాయి, "ఊఁ" అంటాడు, నేను నాడె విసరాలి. "ఊఁ" కంటే ముందు విసిరితే పోగు తెగుతుంది, లేదంటే అంచులో పన్ను పడి గీత తేలుతుంది. మళ్ళీ దాన్ని విప్పుకోవాలి. ఒకసారి తొందరపడి విసిరాను. నాయన కొట్టలేదు, తిట్టనూ లేదు. విప్పుతున్నంతసేపూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఊఁ అనకముందే చెయ్యి యాలా లేసింది పాపా?" అని మెల్లగా మళ్ళీ మళ్ళీ అడిగాడు. దానికి జవాబు ఉండదని ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత నా చేయి ఊఁ లేకుండా కదిలింది లేదు. పొద్దున లేచి ట్యాంకరు దగ్గర బిందె పెట్టడం నుంచి పడుకునేదాకా నా బతుకంతా ఎవరో ఒకరి ఊఁ కోసం ఎదురుచూడటమే. కాళ్ళు మాత్రం ఊరుకునేవి కావు. గుంత పక్కన కూర్చున్నా బొటనవేళ్ళు ఆడిస్తూనే ఉండేదాన్ని, అమ్మ రాట్నం ఆపి నా కాలి మీద ఒకటి వేసేది.

ఆ కాళ్ళకు దొరికిన దారి ఖో-ఖో. మా బడి మైదానం గరుసు నేల. ఆట మొదలయ్యే ముందు అందరం వంగి రాళ్ళు ఏరి గోడ పక్కన పోసేవాళ్ళం, మరుసటి రోజుకు గాలి మళ్ళీ రాళ్ళు తేల్చి పెట్టేది. మొదట మాకు నేర్పిన సారు వేరే, ఆయన చేతిలో వేపబెత్తం, నోట్లో ఈల. తరిమే జట్టు పిల్లలు వరసగా గీత మీద కూర్చుంటారు, ఒకరి మొహం ఇటు, ఒకరి మొహం అటు. వెనక నుంచి ఒకరొచ్చి వీపు తట్టి "ఖో" అంటే లేచి పరుగెత్తాలి. కుడికో ఎడమకో ఒకసారి భుజం తిప్పితే స్తంభం దాటేదాకా వెనక్కి తిరగకూడదు. ఎటు తిప్పాలన్నదే ఆటంతా. ఆ సారు గీత బయట నిలబడి "కుడి, కుడి! ఒసే ఎడమకే!" అని అరిచేవాడు, మేము అట్లాగే తిరిగేవాళ్ళం. గెలిచేవాళ్ళం కూడా. నాకు ఆ పద్ధతి బాగా నచ్చింది. ఇల్లెట్లా ఉందో ఆటా అట్లాగే ఉంది.

ఆయనకు బదిలీ అయి ఓబులేసు సారు వచ్చారు. చాలా పొడుగు, ఆడపిల్లలతో మాట్లాడాలంటే సిగ్గు. మొదటి రోజు మమ్మల్ని వరసగా నిలబెట్టి, గోడ పక్కన బండరాయి మీద కూర్చుని, "మీలో ఎవరన్నా ఈ ఆట నాకు చెప్తారా?" అన్నారు. మేము ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుకున్నాం. పరీక్ష పెడుతున్నారనుకున్నాం. నిజంగానే అడుగుతున్నారని ఎవరైనా అనుకుంటారా? షబానా ఒక్కతే ముందుకొచ్చి, కర్రపుల్లతో నేల మీద గీతలు గీసి అంతా చెప్పింది. షబానా ఆటో తోలే మస్తాన్ కూతురు, నా పక్క బెంచీ, నోరు మూయడం రాని పిల్ల. ఆయన గొంతుక్కూర్చుని శ్రద్ధగా విన్నారు. ఆ రోజు నుంచి ప్రతి ఆట అయ్యాక మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని అడిగేవారు. "నీకేం కనబడింది? ఆ పాప ఎట్లా తప్పించుకునింది? ఇంకోసారి ఆడితే ఏం మారుస్తావు?" చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, మా మైదానంలో అది తిరగబడింది. చెప్పాల్సిన మనిషి వింటూ కూర్చునేవాడు. ఒక పూట గీతల మధ్య దూరం తగ్గించి ఆడమనేవారు, ఒక పూట జట్లు మీరే వేసుకోండి అనేవారు, మేము కొట్లాడుకుంటుంటే ఊరికే చూసేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఎటు పరుగెత్తాలో ఒక్క మాట చెబితే అయిపోయేదానికి ఈ సభలెందుకు? బడి గేటు దగ్గర బజ్జీలు వేసే మనిషి సైతం మా నాయనతో, "ఏమప్పా, మీ పిల్లోల్ల సారుకు జీతమిచ్చేది రాయి మీద కూచునేకా?" అన్నాడట.

అది నవ్వులాటగా తీసుకోవడానికి నాకు వీల్లేదు. పదో తరగతి పరీక్షలు అయిపోగానే నేను రెండు పూటలా మగ్గం కాడ కూర్చోవాలని ఇంట్లో ఎప్పుడో తేలిపోయింది. ఆ ఏడు అనంతపురంలో జిల్లా జట్టుకు ఎంపిక జరుగుతుందని, ఎంపికైన పిల్లల్ని ఆటల హాస్టల్లో పెట్టి కాలేజీ చదువు కూడా చెప్పిస్తారని ఓబులేసు సారే ఇంటికొచ్చి చెప్పారు. అమ్మ రాట్నం ఆపకుండానే, "ఆడపిల్ల ఉరుకులాడేది చాల్లే సార్, రేపు పెండ్లికి అడిగేటోళ్ళు ఏమంటారు?" అంది. నాయన మాత్రం చాలాసేపు నేసి నేసి, "జట్టులోకి ఎత్తుకుంటే అప్పుడు చూద్దాం. ఎత్తుకోకపోతే మళ్ళా ఆట మాట తేవొద్దు," అన్నాడు. నా బతుకులో నాకు దొరికిన తలుపు సందు అదొక్కటే. దాన్ని ఈ రాయి మీద కూర్చునే మనిషి మూసేస్తాడేమోనని నాకు నిద్ర పట్టేది కాదు. ఆ రోజుల్లో నేను అమ్మ మీద, తమ్ముడి మీద, ట్యాంకరు కాడ వరసలో నిలబడ్డ ఆడవాళ్ళ మీద, అందరి మీదా అరిచాను.

ఎంపికకు ముందు తాడిపత్రిలో ఒక పోటీకి తీసుకుపోయారు. బండలు కోసే ఫ్యాక్టరీల పక్కన మైదానం, బండల లారీలు పోతుంటే తెల్లటి పొడి వచ్చి మా కనురెప్పల మీద కూర్చునేది. ఆ ఊరి పిల్లలు మెరుపుల్లా ఉన్నారు. మేము తరమడం మొదలయ్యాక ఒక పిల్ల నా ముందుకే వచ్చి చిక్కింది. సరిగ్గా అప్పుడే నా వీపు మీద "ఖో" పడింది. లేచాను. ఆ పిల్ల చేయి చాస్తే అందేంత దగ్గర. నేను మాత్రం తల తిప్పి గీత బయట ఉన్న ఓబులేసు సారు వైపు చూశాను. ఆయన ఏమీ అనలేదు. అనడానికి ఆయన దగ్గర ఏమీ లేదని ఇప్పుడు కదా తెలిసింది! ఆ పిల్ల జారుకుని నవ్వుకుంటూ పోయింది. మళ్ళీ అట్లాగే జరిగింది, ఆ తర్వాత కూడా. చిత్తుగా ఓడిపోయాం. మైదానం పక్కన ఎవరో పెద్దాయన, "ఈ పాపకు చెవుడా ఏమి, ఖో అంటే ఎటో చూస్తాంది," అన్నాడు.

బస్సులో మా పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. నా పేరే ఎక్కువ వినబడింది. సాయంత్రపు ఎండ సీట్ల మీద పడుతోంది, బస్సు నిండా బొరుగుల మూటలు, కోళ్ళ బుట్టలు. ఓబులేసు సారు వెనక్కి వచ్చి, కమ్మీ పట్టుకుని నిలబడి, "పద్మా, ఆ పాప నీ ముందరే ఉండె గదా. నువ్వు నా తట్టు యాలా చూసినావు?" అని అడిగారు. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా పగిలింది. "మీరు చెప్తారని చూసినా సార్! చెప్పేకి గదా మీరు ఉండేది!" అని అరిచేశాను. బస్సులో అందరూ తిరిగి చూశారు. ఆయన మొహం చిన్నబోయింది, కోపం రాలేదు. "నేను గీత బయట ఉండా. ఆ పాప కాలు ఎటు లేస్తాందో నాకంటే నీకే బాగా కనబడుతుంది. నేను అరిచేది నీకు చేరేలోగా ఆయమ్మ స్తంభం కాడుంటాది," అన్నారు. నేను కిటికీ వైపు తిరిగిపోయాను. కాసేపటికి షబానా నా పక్కన ఇరుక్కుని కూర్చుని, "తిక్కదానా, సారు కాదు, నీకు అలవాటు. మగ్గం కాడా అట్లనే కూచుంటావు, మీ నాయన నోటి తట్టు చూసుకుంటా," అంది. వినడానికి నాకు ఇష్టం లేకపోయింది. సారు మాత్రం విన్నారు.

తర్వాతి ఆదివారం ఆయన మా ఇంటికొచ్చి గడప మీద కూర్చున్నారు. అమ్మ కాఫీ ఇచ్చింది. ఆయన మగ్గాన్నే చూస్తూ కూర్చున్నారు, గ్లాసులో కాఫీ చల్లారిపోయింది. నాయనకు ఇబ్బందిగా ఉంది, నాకు సిగ్గుగా ఉంది. చివరికి సారు, "అన్నా, ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. నువ్వు ఊఁ అనకముందే పాప చెయ్యి నాడె కాడికి పోతాంది. పోయి ఆడ నిలబడుకోని నీ మాట కోసరం చూస్తాంది. నువ్వు చెప్పకనే ఆ చేతికి ఎట్లా తెలుస్తాంది?" అన్నారు. "అట్లా ఏం లేదు సార్," అన్నాను వెంటనే, దొరికిపోయిన దొంగలా. నాయన మగ్గం మీద నుంచి తలెత్తి నా చేతినే చూశాడు. నిజంగానే నా చేయి నాడె మీద ఉంది, వేళ్ళు బిగిసి ఉన్నాయి, ఇంకా ఎవరూ ఏమీ అనలేదు. సారు నన్ను అడిగారు, ఎట్లా తెలుస్తోందో చెప్పమని. నేను కళ్ళు మూసుకుని విన్నాను. గుంతలో నాయన మడమ చెక్క మీదికి దిగేటప్పుడు ఒక చిన్న కిర్రు, దాని వెనకే పోగులు విచ్చుకునే చప్పుడు. ఊఁ అన్నది వాటి తర్వాతే వస్తుంది. "కాలి చప్పుడు సార్," అన్నాను. నాయన నోట్లో లవంగం అటు నుంచి ఇటు మార్చాడు. "ఇన్నేండ్లు పక్కన కూచోబెట్టుకుంటి, నాకే తెలీదే," అన్నాడు. ఆ పూట నాయన ఊఁ అనకుండా నేశాడు, నేను విసిరాను. అమ్మ రాట్నం ఆపి మమ్మల్ని చూస్తూ ఉండిపోయింది. అంచులో ఎక్కడా పన్ను పడలేదు.

ఆ వారం నుంచి మైదానంలో గీత మీద కూర్చుని వెనక చప్పుళ్ళు వినడం మొదలుపెట్టాను. గరుసు మీద ఒట్టి కాళ్ళ చప్పుడు దాగదు. పరుగెత్తే పిల్ల ఎటు కోస్తుందో ఆ కాలు మోపే బరువులో ఉంటుంది. సారు ఏమీ చెప్పలేదు, అదే అడిగారు, "ఏం వినబడింది?" నేను చెప్పేది విని మిగతా పిల్లలు కూడా చెవులు పెట్టారు. ఒకరికి చప్పుడు తెలిసింది, ఇంకొకరికి నీడ తెలిసింది. మా సభలు పెద్దవయ్యాయి, చీకటిపడి వాచ్‌మన్ గేటు మూస్తానని కేకలు వేసేదాకా ఒకరి మాట ఒకరు కొట్టేసుకుంటూ కూర్చునేవాళ్ళం. నాకు అప్పటికీ నమ్మకం కుదరలేదు. పాత సారు బెత్తం ఉంటే ఇంకా త్వరగా నేర్చుకునేవాళ్ళమేమో అని లోపల గొణుక్కుంటూనే ఉన్నాను.

అనంతపురం ఎంపిక రోజున సగం ఆటకు వెనకబడ్డాం. నీళ్ళు తాగడానికి చుట్టూ చేరితే ఓబులేసు సారు నుదురు తుడుచుకుని, "ఏం చేద్దాం?" అన్నారు. పక్క జట్ల సార్లు మమ్మల్ని చూసి నవ్వడం నాకు కనిపించింది. ఒక్క క్షణం ఆయన కాలరు పట్టుకుని ఊపాలనిపించింది, నా బతుకు ఇక్కడ వేలాడుతుంటే నన్నడుగుతావా అని. షబానా అంది, "పద్మను స్తంభం పక్కన కూచోబెడదాం సార్. వాళ్ళు స్తంభం కాడ తిరిగేటప్పుడు మెల్లగైతాండారు. ఆడ ఈమె చెవి పని చేస్తాది. నేను తరిమి తరిమి ఆడికే తోలకొస్తా." ఎవరూ సారు వైపు చూడలేదు. మేమే సరే అనుకుని, చోట్లు మార్చుకుని కూర్చున్నాం. షబానా చెప్పినట్టే తోలుకొచ్చింది. నా వెనక కాళ్ళు వచ్చాయి, ఆగాయి, ఎడమ కాలు గట్టిగా పడింది. వీపు మీద ఖో పడేసరికి నా భుజం ఎటు తిరగాలో నాకు తెలుసు. లేచాను, తిరిగాను, చేతికి ఒక జడ తగిలింది. మళ్ళీ ఇంకొకరు. గీత బయట ఎవరున్నారో, ఏమంటున్నారో నాకు గుర్తే లేదు. అయినా కొద్దిలో ఓడిపోయాం. సాయంత్రం పేర్లు చదివినప్పుడు నా పేరుంది, షబానా పేరు లేదు. ఆలోచన ఆమెది, పట్టింది నేను, చూసేవాళ్ళకు పట్టిన చేయి కనిపించింది. ఆ సంగతి ఇప్పటికీ నాకు మింగుడు పడదు. షబానా మాత్రం ఈ రోజుకీ కుట్టు మిషను తొక్కుతూ, "నువ్వు వింటివి, నేను చూస్తి, ఎవరో ఒకరు పోయినారు కదా," అని నవ్వుతుంది.

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ వంటింట్లోకి పోయి సంగటి కెలకడం మొదలుపెట్టింది, కట్టె గిన్నెకు తగిలే చప్పుడులోనే కోపం తెలుస్తోంది. నాయన నేస్తున్నాడు. సగం పోగులో మగ్గం ఆపడం నాయనకు అలవాటు లేదు, ఆ రోజు ఆపాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, "నువ్వేమంటావు పాపా?" అన్నాడు. ఆ మాట నాయన నోట ఎప్పుడూ వినలేదు. నన్నే కాదు, ఆ ఇంట్లో ఎవరు ఎవరినీ అట్లా అడగగా వినలేదు. వంటింటి వైపు చూశాను. "అమ్మను యాలా చూస్తావు? అడిగింది నిన్ను," అన్నాడు. "పోతా నాయనా," అన్నాను. చాలా గట్టిగా అన్నట్టున్నాను, అమ్మ చప్పుడు ఆగిపోయింది. "సరే. ఈ చీర మగ్గం దిగినాక పోదువు," అని మళ్ళీ చెక్క తొక్కాడు. ఆ చీర దిగేదాకా ఇద్దరం మాటల్లేకుండా నేశాం. ఊఁ కూడా లేకుండా.

ఇప్పుడు నేను పనిచేసే బడి మైదానంలో మట్టి తోలించాం, పిల్లలకు బూట్లున్నాయి, రాళ్ళు ఏరే పని లేదు. పక్క ఊళ్ళ సార్లు ఫోనులో ఆటంతా తీసి, రాత్రికి పిల్లలకు పంపించి, ఎవరెక్కడ తప్పు చేశారో గీతలు గీసి మరీ చెబుతారు. మంచిదే. నా గొంతు కూడా తక్కువేం కాదు, గేటు బయట సోడాబండి దాకా వినిపిస్తుందని పిల్లలు వెక్కిరిస్తారు. శిక్షణ తరగతుల్లో ఓబులేసు సారు కథ చెప్పి చప్పట్లు కొట్టించుకునే నేను, మైదానంలోకి దిగితే "కుడికే! కుడికే!" అని అరుస్తాను. నాకు ఆట తెలుసు, అదే నాకు పట్టిన పీడ. ఆ రోజు కదిరిలో నేను చెప్పులేసుకుంటుంటే సారు గోడ పట్టుకుని గడప దాకా వచ్చి ఇంకో మాట అన్నారు. "మొదట్లో తెలీక అడిగినా పద్మా. మీరు చెప్తాంటే నాకూ ఆట వచ్చేసింది. వచ్చినాక గమ్మునుండేది ఉండాది చూడు, అది కష్టం. నోట్లో మాటను నమిలి మింగల్ల." బస్సులో నాకు కోపం తెప్పించింది బహుశా ఆ రెండో మాటే. నిన్న సాయంత్రం ఆట మధ్యలో మా పిల్ల ఒకతి, లేచి, నా వైపు చూసింది. తాడిపత్రిలో నేను చూసినట్టే. నా నోట్లోకి మాట వచ్చేసింది. చున్నీ కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని కొరికాను. ఆ పిల్ల తప్పు వైపే తిరిగింది, నాకు పాదాలు నిలవలేదు. ఆట అయ్యాక దాని పక్కన కూర్చుని నీకేం కనబడిందే అని అడిగితే, భయపడి ఏడ్చింది. ఇవాళ మళ్ళీ అడగాలి.

సారు తెలియక అడిగారు. ఆ మాట విన్న రోజు నుంచి నన్ను నిలవనీయకుండా తిప్పుతున్నది మాత్రం నాయన అడిగిన ప్రశ్న. నాయనకు తెలుసు. నేనేం చెబుతానో తెలుసు, అది చెప్పాక తన కుడిపక్కన ఎవరూ ఉండరని తెలుసు. తమ్ముడు నిలకడగా కూర్చునే రకం కాదు, అమ్మ నడుము అప్పటికే పడిపోయింది. జవాబు తెలిసి, దాని బరువు తెలిసి, మగ్గం ఆపి మరీ అడిగాడు. హాస్టలు నుంచి మొదటిసారి సెలవులకు వచ్చినప్పుడు వీధి మొదట్లోనే నా కాళ్ళు ఆగిపోయాయి. మా ఇంటి మగ్గం చప్పుడు మారిపోయింది. వరసగా, ఎక్కడా ఆగకుండా వస్తోంది, నా నాడె కోసం ఆగే ఆ చిన్న సందు అందులో లేదు. లోపలికి పోయి చూస్తే మగ్గం మీద సన్నంచు చీర, ఒక్కరే నేసుకోగలిగేది. నాయన చేతికి అది చిన్నపిల్లల పని. "ఏం నాయనా, సన్నంచా?" అన్నాను. ఆయన తలెత్తకుండా, "పెద్దంచు చీరలు ఇప్పుడు ఎవరు కట్టుకుంటాండారు పాపా? అడిగేటోళ్ళే లేరు," అన్నాడు. నేను సరేనని సంచి దించుకుని నీళ్ళు తాగడానికి పోయాను. గోడ అవతల పక్కింట్లో మగ్గం ఆడుతోంది, ఒక మగగొంతు ఊఁ అంటోంది, ఆ వెంటనే మూడో నాడె పోతోంది.